గడప దాటిన ట్రాలీ

ట్రాలీ గడప దాటడం చూసి శ్రీనాథ్ కౌంటర్ వదిలి బయటికి పరుగెత్తాడు.

అప్పుడే జల్లు మొదలైంది. మెట్ల పక్కన ఏటవాలుగా కట్టిన సిమెంటు దారి మీద ట్రాలీ మెల్లగా కిందికి దిగుతోంది. దాని పిడిని రెండు చేతులతో పట్టుకుని ఒక ముసలావిడ నిటారుగా నడుస్తోంది. చున్నీ తలమీద కప్పుకున్న అమ్మాయి ఒకతె ట్రాలీ ముందుభాగాన్ని చేత్తో ఆపుతూ వెనక్కి అడుగులు వేస్తోంది.

"మేడం, ఆగుండ్రి. ట్రాలీ బయటికి తీస్కపోవద్దు."

అమ్మాయి తలెత్తింది. కనురెప్పల మీద చినుకులు నిలిచాయి. "ఎందుకు?"

"బోర్డు ఉన్నది గద."

బోర్డు తలుపు మీదే ఉంది. 'ట్రాలీలు గడప దాటరాదు. వాడిన తర్వాత వరుసలో పెట్టవలెను.' గుండ్రటి అక్షరాలతో శ్రీనాథ్ స్వయంగా రాసి అతికించింది.

"చదివిన. గంటల తెచ్చిస్త."

"అందరు గట్లనే అంటరు."

"అందరి సంగతి నాకు తెల్వదు. నా సంగతి చెప్తున్న."

ఇక మాటలతో పని కాదని శ్రీనాథ్ పిడి మీద చెయ్యి వేశాడు. ముసలావిడ వదల్లేదు. అతను కొద్దిగా లాగాడు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుని, మెడలో గొలుసు లాగేవాణ్ణి చూసినట్టు చూసింది. సామాన్ల సంచి తాను మోస్తానని, ఆటో పిలుస్తానని అతను మర్యాదగానే చెప్పాడు.

"ఆటో వద్దు," అందామె. "నేను నడిచి పోత."

ఆ మాటను ఆమె ఎంత ఇష్టంగా అందో శ్రీనాథ్‌కు అప్పుడు అర్థం కాలేదు. అమ్మాయి మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె చెంప మీద నీళ్లు జారాయి. అవి వాన నీళ్లేనని అతను తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"గంట. దాటితే నేనే వస్త."

"రాండ్రి. రెండు సందులవతల మగ్గాల మొగులయ్య ఇల్లంటే ఎవరన్న చూపిస్తరు. ఆయన బిడ్డను. యమున నా పేరు. ఈమె మా అవ్వ, జమ్ములమ్మ. ఇంకేమన్న రాసుకుంటరా?"

అవ్వామనవరాళ్లు వానలోనే కదిలిపోయారు.

అది 2007. గద్వాలలో చక్రాల ట్రాలీలున్న మొదటి దుకాణం అనంత సూపర్ బజార్. దాని యజమాని అనంతయ్య సేటుకు బియ్యం, పప్పు అమ్మడం తెలుసు గాని, జనాన్ని లోపలికి వదిలి వాళ్ల చేతులతో వాళ్లనే తీసుకోమనడం తెలియదు. అందుకే ఆత్మకూరు కుర్రాడైన శ్రీనాథ్‌ను మేనేజరుగా పెట్టుకున్నాడు. శ్రీనాథ్ వనపర్తిలో డిగ్రీ చదివి, హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంలో పనిచేసి వచ్చాడు. ట్రాలీలు తెప్పించింది అతనే. వాటిని చూసి మురిసిందీ, వాటివల్ల నిద్ర పాడుచేసుకుందీ అతనే.

జనానికి ట్రాలీలంటే ముచ్చట. సామాన్ల కంటే పిల్లల్నే ఎక్కువగా కూర్చోబెట్టి తిప్పారు. పని అయిపోయాక మాత్రం అది ఎవరిదీ కాదు. ఒకరు బియ్యం బస్తాల మధ్య వదిలేవారు. ఒకరు బస్టాండు దాకా తోసుకెళ్లి, బస్సెక్కి, కిటికీలోంచి దానికేసి చూసి వెళ్లిపోయేవారు. ఒకసారి రెండు ట్రాలీలు పానీపూరీ బండి దగ్గర ఎంగిలి ప్లేట్లు మోస్తూ దొరికాయి. శ్రీనాథ్‌కు అందరికంటే ఎక్కువ కోపం తెప్పించేది సగం మర్యాద ఉన్నవాళ్లు. వాళ్లు వరుస దాకా తెస్తారు. ముందున్నదానిలోకి ఒక్క తోపు తోయడానికి బద్ధకించి అడ్డంగా నిలిపి పోతారు.

మనిషి ఎటువంటివాడో మాటల్లో తెలియకపోవచ్చు, పనైపోయిన ట్రాలీని ఎక్కడ వదిలాడో చూస్తే తెలుస్తుందని శ్రీనాథ్ నమ్మకం. అక్కడ ఎవరూ చూడరు, అడగరు, జరిమానా వెయ్యరు. అందుకే అది అసలైన పరీక్ష అనేవాడు. వినేవాళ్లు లేక ఎక్కువగా తనతోనే అనుకునేవాడు.

ఆ రోజు గంట కాకముందే యమున వచ్చింది. శ్రీనాథ్ కౌంటర్ వెనక నిలబడి చూశాడు. ట్రాలీ చక్రాలకు బురద లేదు. ఇంటి దగ్గరే కడిగినట్టుంది. ఆమె దాన్ని వరుసలోకి తోసింది. చప్పుడు కాకుండా, ఒకదానిలో ఒకటి ఇమిడేలాగ. వెళ్లబోయి ఆగింది. వరుస చివర ఎవరో అడ్డంగా వదిలిపోయిన ఇంకో ట్రాలీ ఉంది. దాన్ని కూడా తిప్పి, సరిచేసి, చేతులు దులుపుకుంది.

చిరునవ్వుతో మనసు గెలిచిన అమ్మాయిలు గద్వాలలో ఎందరైనా ఉండవచ్చు. యమున మాత్రం ఒక వంకర ట్రాలీని సరిచేసి ఆ పని చేసింది.

అతను కౌంటర్ వదిలి వచ్చాడు. "ఆ రెండోది మీరు తీస్కపోలే గద?"

"వంకర ఉంటే చూడలేను. అంచు ఒక్క పోగు పక్కకు పోతే నాయిన చీరంత పక్కకు పెడ్తడు. గదే అలవాటు." ఆమె గోడ గడియారం వైపు చూసింది. "గంట కాలేదు. బోర్డు మీద నా పేరు రాయకుండ్రి."

ఆ తర్వాత ప్రతి గురువారం అదే వరస. యమున ముందుగా ఒక్కతే వచ్చి ఖాళీ ట్రాలీ తీసుకుపోయేది. కాసేపటికి అవ్వ ఆ ట్రాలీ పట్టుకుని, వీధంతా తనదేనన్నట్టు నడుచుకుంటూ వచ్చేది. కందిపప్పు గింజలు వేళ్లతో నలిపి చూసేది, సబ్బులు వాసన చూసి మళ్లీ పెట్టేసేది. తర్వాత ఇద్దరూ ట్రాలీతోనే ఇంటికి పోయేవారు. చివరికి యమున దాన్ని తిరిగి తెచ్చేది.

ఇంత తిరుగుడు ఎందుకని శ్రీనాథ్ ఒకసారి అడిగాడు. కొన్న సామాన్లు చిన్న సంచిలో పడతాయని కూడా అన్నాడు.

"మీ ట్రాలీలు వాడుకోనీకె పెట్టిండ్రా, చూసుకోనీకె పెట్టిండ్రా?" అని ఆమె ఎదురడిగింది.

చక్రాలు తిన్నగా తిరిగే ట్రాలీ ఒకటి వెతికి, దాని పిడికి మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర పట్టుదారం ముక్క కట్టుకుంది. దుకాణం వస్తువుకు ఎవరో దారం కట్టారని తెలిసినా రూల్స్ మనిషి శ్రీనాథ్ విప్పలేదు. పైగా గురువారం మధ్యాహ్నం నుంచే ఆ ట్రాలీని వరుస వెనక దాచిపెట్టేవాడు.

ట్రాలీ తిరిగి తెచ్చిన ప్రతిసారీ యమున వరుసంతా సర్దేది. వారం వారం ఆ సర్దుడు కొంచెం పెరుగుతూ వచ్చింది. ఇన్నిసార్లు ఈ అమ్మాయి ఇటూ అటూ తిరిగేది ఎవరికోసం? శ్రీనాథ్ అద్దంలో తన క్రాపు చూసుకున్నాడు. జవాబు అక్కడ కనిపించినట్టే అనిపించింది.

ఇంతలో ఒక గురువారం ట్రాలీలో స్టీలు డబ్బా ఒకటి వచ్చింది.

యమున ట్రాలీ పెట్టి వెళ్లేటప్పుడు అతను బిల్లింగులో ఉన్నాడు. ఆమె తలుపు దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, వెనక నిలబడ్డ జనాన్ని చూసి నవ్వి వెళ్లిపోయింది. దుకాణం మూసేటప్పుడు అతనికి డబ్బా కనిపించింది. మూత తీస్తే నువ్వుల ముద్దలు. బెల్లం వాసన గుప్పుమంది. డబ్బా మీద చుక్కల అక్షరాలతో 'జమ్ములమ్మ' అని కొట్టించి ఉంది. ఇంటికి తీసుకుపోవలసింది మరిచిపోయారని అతను అనుకున్నాడు. కస్టమర్ మరిచిన వస్తువు భద్రంగా చేరవేయడం తన కర్తవ్యమని కూడా అనుకున్నాడు. నోరూరినా ఒక్క ముద్ద ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే డబ్బా పట్టుకుని మొగులయ్య ఇంటికి వెళ్లాడు. యమున కాలేజీకి పోయింది. లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు. వాకిట్లో మంచం మీద జమ్ములమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"అవ్వా, మీ డబ్బా ట్రాలీల మర్చిపోయిండ్రు."

జమ్ములమ్మ డబ్బా అందుకుంది. మూత తీసి చూసింది. ముద్దలన్నీ ఉన్నాయి. "అవసరం లేదా బిడ్డా?" అంది.

"మాకెందుకవ్వా? కస్టమర్ సొమ్ము మేం ఉంచుకోం," అని గర్వంగా చెప్పాడు.

 ఆమె మూత పెట్టి డబ్బాను చీర చెంగు కింద దాచుకుంది. మంచినీళ్లు తాగమని కూడా అడగలేదు. పాలమూరు ఇంట్లో గడప దాకా వచ్చిన మనిషిని నీళ్లు అడగలేదంటే ఏదో జరిగిందని వేరేవాళ్లయితే గ్రహించేవారు. శ్రీనాథ్ ఈల వేసుకుంటూ దుకాణానికి వచ్చాడు.

తర్వాతి గురువారం అవ్వా రాలేదు, యమునా రాలేదు. ఎర్ర దారం ట్రాలీ వరుస వెనకే ఉండిపోయింది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు. పై గురువారం యమున ఒక్కతే వచ్చింది, చేతిలో గుడ్డ సంచితో. ట్రాలీల వైపు చూడలేదు. అతని వైపూ చూడలేదు. వెళ్తుంటే దారిలో అడ్డంగా ఒక ట్రాలీ ఉంది. పక్కనుంచి తప్పుకుని వెళ్లింది గాని దాన్ని సరిచేయలేదు.

అది చూశాక శ్రీనాథ్ కౌంటర్ దగ్గర ఉండలేకపోయాడు. వెంటపడి, అవ్వ ఎందుకు రాలేదని అడిగాడు.

"ఇగ రాదు."

"పాణం బాగలేదా?"

"మంచిగనే ఉన్నది. మా ఇంటి ముద్దలు మీకు పనికి రాలె గద. మీ బండి మాకెందుకని అన్నది." సంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నేను గూడ గదే అంటున్న."

ఏం తప్పు చేశాడో అతనికి తెలియలేదు. సెలవు రోజున ఆత్మకూరు పోయేదాకా ఆలోచించాడు. అక్కడ కూడా తల్లి సుగుణమ్మకు ఈ సంగతి ఒక ఫిర్యాదులాగే చెప్పాడు. దుకాణం వాడు నిజాయితీగా ఉండటం కూడా నేరమేనా అన్నాడు.

జొన్నరొట్టె తడుతున్న సుగుణమ్మ చేతులు ఆగిపోయాయి. "ముద్దలు తిప్పిచ్చినవా? ఉన్నయి ఉన్నట్టు?"

"ఒక్కటి గూడ ముట్టలే."

"అది చెప్పుకుంట మురుస్తున్నవా? వాడకట్టుల గిన్నెలు మోసింది నువ్వే గద శ్రీనూ. బక్కయ్య వాళ్లింటికి గిన్నె తిప్పియ్యిమంటే ఒక్కనాడన్న ఖాళీ గిన్నె పట్టుకపోయినవా?"

అతనికి గుర్తొచ్చింది. గిన్నెలో బెల్లం ముక్క. అది లేకపోతే పిడికెడు పెసర్లు. ఏమీ లేని రోజున అమ్మ నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపేది. ఒకరి గిన్నెను ఖాళీగా తిప్పి ఇవ్వడం వాళ్ల ఇంట్లో ఎవరికీ చేతకాదు.

"అది గిన్నె," అన్నాడు నీరసంగా. "ఇది ట్రాలీ."

"ఆమెకు రెండు ఒకటే. మీ బండి వాడుకున్నది. ఖాళీగ పంపనీకె మనసొప్పక ముద్దలు చేసి పెట్టింది. ఇచ్చింది ఇచ్చినట్టు తిప్పి పంపితే ఏమని అర్థం? మీతోని మాకు పొత్తు వద్దని. గా ముసలామె ఎంత చిన్నబోయిందో."

రొట్టె పెనం మీద మాడుతోంది. ఇద్దరూ గమనించలేదు. కాసేపటికి సుగుణమ్మ మాడిన వాసనకు ఉలిక్కిపడి, రొట్టె తిప్పి, కొడుకు మొహంలోకి చూసింది. "ఇంతకు ఆమెకు మనుమరాలున్నదా?"

శ్రీనాథ్ రొట్టె మీద దృష్టి పెట్టాడు. సుగుణమ్మకు జవాబు దొరికింది. సాయంత్రం కూర్చుని కారప్పూస వత్తింది.

మర్నాడు జూరాల మీదుగా వచ్చే మొదటి బస్సుకే శ్రీనాథ్ గద్వాల చేరాడు. గదికి పోకుండా నేరుగా మొగులయ్య ఇంటికి వెళ్లాడు. చేతిలో 'సుగుణమ్మ, ఆత్మకూరు' అని కొట్టించిన డబ్బా. వాకిట్లో నిలబడి పిలిచాడు.

లోపలి గదిలోంచి జమ్ములమ్మ వస్తోంది. గోడ పట్టుకుని వస్తోంది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి మోకాలికి. నాలుగడుగులకొకసారి ఆగి, తలుపు చెక్కను అందుకుని, మళ్లీ గోడను వెతుక్కుంటోంది. వీధంతా తనదేనన్నట్టు నడిచే మనిషి ఈమేనా? నడుము సగానికి వంగి ఉంది.

ట్రాలీ పిడి ఆ చేతులు ఎందుకు వదల్లేదో శ్రీనాథ్‌కు అప్పుడు తెలిసింది. యమున ఇటూ అటూ ఎందుకు తిరిగేదో కూడా తెలిసింది. అద్దంలో చూసుకున్న క్రాపు గుర్తొచ్చి సిగ్గేసింది.

"అవ్వా, తప్పైంది," అన్నాడు. "డబ్బా మర్చిపోయిండ్రనుకున్న. నాకు తెలివి తక్కువైంది."

జమ్ములమ్మ మంచం మీద కూలబడి ఊపిరి తీసుకుంది. చప్పుడు విని యమున దారం చుట్టిన కండెల బుట్టతో వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి మాత్రం పోలేదు.

"ఎవరోళ్ల పిల్లగానివి నువ్వు?" అని అడిగింది అవ్వ.

నాయినకు ఆత్మకూరులో బట్టల దుకాణం ఉందని, తాత మాత్రం అమరచింతలో మగ్గం నేసేవాడని చెప్పాడు.

"మగ్గపోళ్ల పిల్లగానివై ముద్దలు తిప్పిస్తివా?"

"మా అమ్మ గూడ గదే అని తిట్టింది. తిట్టి ఇది పంపింది." డబ్బాను మంచం మీద పెట్టాడు. "డబ్బా మీ దగ్గరనే ఉండనీ అవ్వా. మా అమ్మది అది. అయినంక ట్రాలీల పెట్టి పంపుండ్రి. ఎట్ల పంపాల్నో మీకు నేను చెప్పేదేమున్నది?"

జమ్ములమ్మ మూత తీసి ఒక కారప్పూస పుల్ల విరిచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకొకటి విరిచింది. "మీ అమ్మ చెయ్యి మంచిది," అంది. ఎటో చూస్తూ, "ఇయ్యాల బేస్తారమే గద?" అని గురువారం సంగతి గుర్తుచేసింది.

"బేస్తారమే. నాలుగింటికి బండి నేనే తెస్త."

"యమునా, పిల్లగానికి నీళ్లియ్యి."

నీళ్లు తాగి బయల్దేరితే యమున సందు మలుపు దాకా వచ్చింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని ఆయుష్షంతా నేసిన అవ్వ మోకాళ్ల సంగతి దారిలో చెప్పింది. ఆ మొదటి రోజు దుకాణం దాకా ఆటోలో తెచ్చారట. లోపల ట్రాలీ పిడి పట్టుకోగానే అవ్వ ఒకడుగు వేసిందట, ఇంకోటి వేసిందట, నడుము లేపిందట.

"అవ్వ నిటారుగ నడిస్తే చూసి ఎన్నేండ్లైందో. మీరేమో పిడి గుంజుతున్నరు."

"నాకు చెప్పొచ్చు గద."

"చెప్పొద్దని ఒట్టు పెట్టింది. దవాఖానల ఇచ్చిన కట్టె మీద చీరలు ఆరేస్తది. కట్టె పట్టుకుంటే ముసలిదన్నట్టంట. బండి పట్టుకుంటే సామాన్లు కొనే మనిషంట."

శ్రీనాథ్ నవ్వి, తల గోక్కున్నాడు. "నేను వేరే అనుకున్న."

"ఏమనుకున్నరు?"

"ఏం లేదు తియ్యుండ్రి."

"చెప్పుండ్రి."

"నా కోసం తిరుగుతున్నరనుకున్న."

యమున సందులో నిలబడి నవ్వింది. ఎదురింటి గడప మీది ఆడవాళ్లు తలలు తిప్పేదాకా నవ్వింది. తర్వాత చున్నీ కొసతో కళ్లు తుడుచుకుని, "తిరిగేది అవ్వ కోసమే," అంది. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగింది. "కానీ ఒక్క ట్రాలీ పెట్టి పోవాల్సిందాన్ని, వరుసంత సర్దుకుంట నిలబడేది అవ్వ కోసం కాదు."

ఆమె వెళ్లిపోయింది. శ్రీనాథ్ ఆ మలుపులోనే కొంతసేపు నిలబడ్డాడు. మగ్గాల చప్పుడు అంత బాగుంటుందని అతనికి అంతకుముందు తెలియదు.

ఆ సాయంత్రం మేనేజరు స్వయంగా ట్రాలీ తోసుకుంటూ రోడ్డు దాటడం అనంతయ్య సేటు కళ్లబడింది. గడప దాటరాదని రాసింది ఎవరయ్యా అని నిలదీశాడు. శ్రీనాథ్ లోపలికి వెళ్లి పెన్ను తెచ్చి, బోర్డు మీద కింద ఇంకో వరుస చేర్చాడు. 'అవసరమున్నవారు అడిగి తీసుకుపోవచ్చు. తిప్పి ఇవ్వవలెను.' గద్వాలంతా ట్రాలీలు ఎత్తుకుపోతుందని సేటు గొణిగాడు.

అట్లా ఏమీ జరగలేదు. ఊరికే దొరికినదాన్ని ఎక్కడంటే అక్కడ వదిలిన జనం, అడిగి తీసుకున్నదాన్ని భద్రంగా తెచ్చి ఇవ్వసాగారు. కొందరు ఖాళీగా తేలేదు కూడా. ఒకరు నిమ్మకాయలు, ఒకరు పుంటికూర కట్ట, ఒక రైతు లేత కంకులు. వాటిలో కొన్ని ఇంటికి తీసుకుపోయాక సేటు గొణుగుడు తగ్గింది.

సుగుణమ్మ డబ్బా మాత్రం వాన వెలిసి చలి మొదలయ్యేదాకా తిరుగుతూనే ఉంది. గద్వాల నుంచి నువ్వుల ముద్దలు పోతే, ఆత్మకూరు నుంచి పల్లిపట్టీలు వచ్చేవి. అక్కడి నుంచి మామిడి తొక్కు వస్తే, ఇక్కడి నుంచి సజ్జ రొట్టెలు పోయేవి. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు ఆడవాళ్లు ఉప్పు ఎక్కువైందని, బెల్లం పాకం ముదిరిందని శ్రీనాథ్ నోటి ద్వారా మాట్లాడుకునేవారు. మధ్యలో మోసే ఇద్దరికీ ఇంకా చాలా మాటలు కుదిరాయి.

అప్పుడు అనంతయ్య సేటు నాగర్‌కర్నూలులో రెండో దుకాణం తెరుస్తానన్నాడు. శ్రీనాథే పోయి నడపాలి. జీతం పెంచుతాడు, దుకాణం దీనికంటే పెద్దది. శ్రీనాథ్ ఒక్కటే అడిగాడు. ఎవరు మేనేజరుగా వచ్చినా సరే, ఎర్ర దారం ట్రాలీ గురువారం నాలుగింటికి జమ్ములమ్మ వాకిట్లో ఉండాలని. సేటు సరేనన్నాడు.

ఆ కబురు యమునకు చెప్పాడు. అవ్వ బండి ఆగదని విని, మంచిదంది. వరుస సర్దింది. వెళ్లిపోయింది. ఆ వారం ట్రాలీలో డబ్బా లేదు. పై వారమూ లేదు.

ఖాళీ ట్రాలీని చూస్తే శ్రీనాథ్‌కు భయమేసింది. ఒకసారి ముద్దలు తిప్పిచ్చి ఏం చెప్పాడో, ఇప్పుడు ఆమె అదే తనకు చెబుతోందా? పొత్తు వద్దనా? ఇంకో వారం ఆగలేక వరుస దగ్గరే అడిగేశాడు.

"డబ్బా ఏది?"

"ఇంట్ల ఉన్నది."

"అమ్మ అడుగుతున్నది."

"అడగనీ." యమున ఒక ట్రాలీని ఇంకో ట్రాలీలోకి తోసింది. ఎప్పుడూ చప్పుడు చేయనిది ఈసారి గట్టిగా చేసింది. "డబ్బా ఇస్తే పోతరు గద. మీ సామాను ఒకటి మా ఇంట్ల ఉన్నంతసేపు మీరు పోయినట్టు కాదు."

ఆమె కళ్లెత్తలేదు. పిడి మీది దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. చెప్పాలనుకుని చాలారోజులుగా దాచుకున్న మాటలన్నీ శ్రీనాథ్‌కు ఆ క్షణంలో అనవసరమనిపించాయి.

"ఇయ్యకు," అన్నాడు. ఆమెను మొదటిసారి నువ్వు అన్నాడని ఇద్దరికీ తెలిసింది. "మా అమ్మనే వచ్చి అడుగుతది."

పై గురువారం ఆత్మకూరు బస్సులోంచి సుగుణమ్మ దిగింది. రెండు చేతులా సంచులు. తమలపాకులు, పండ్లు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, ఒక జాకెట్టు గుడ్డ. అవి మొయ్యలేక దుకాణం మెట్ల దగ్గర కూర్చుంటే, శ్రీనాథ్ ఎర్ర దారం ట్రాలీ తెచ్చి అన్నీ అందులో సర్దాడు. తల్లీకొడుకులు దాన్ని తోసుకుంటూ రోడ్డు దాటి సందులోకి మళ్లారు. మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగాయి. కిటికీల్లో తలలు మొలిచాయి.

జమ్ములమ్మ తన బండి కోసం వాకిట్లో తయారై కూర్చుంది. నిండుగా వస్తున్న ట్రాలీని చూసి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇదేంది, పోకముందే సామాన్లొచ్చినయి?"

"నేను సుగుణమ్మను పెద్దమ్మా," అంది సుగుణమ్మ, కొంగుతో చెమట తుడుచుకుంటూ. "మా డబ్బా మీ దగ్గరనే ఉండిపోయిందంట. అడగనీకె వచ్చిన."

"పిల్ల ఇయ్యనంటున్నది. దాచిపెట్టింది."

"మంచిదే. డబ్బా ఉంచుకోండ్రి. పిల్లనియ్యుండ్రి."

మొగులయ్య మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, తడబడుతూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యమున తల్లి చాప పరిచింది. ఎవరి తాత ఎక్కడ నేసేవాడో, ఎవరి మేనత్తను ఏ ఊరికిచ్చారో చాలాసేపు మాట్లాడుకున్నారు. మొగులయ్య బిడ్డ వైపు చూశాడు. యమున లోపలికి పోయి ఆ డబ్బా తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. అది జవాబేనని అందరికీ అర్థమైంది. డబ్బా నిండా నువ్వుల ముద్దలున్నాయి. ఎప్పుడు చేసిందో ఎవరూ అడగలేదు.

పండ్లూ కొబ్బరికాయలూ ఇంట్లోకి చేరాయి. ట్రాలీ వాకిట్లో ఖాళీగా మిగిలింది. దుకాణం నుంచి వచ్చి చాలాసేపైందని శ్రీనాథ్ లేచి, పిడి మీద చెయ్యి వేశాడు.

"ఆగు బిడ్డా," అంది జమ్ములమ్మ. "ఖాళీగ ఎట్ల పంపుత?"

అందరూ యమున వైపు చూశారు. ఆమె మొహం పిడి మీది దారం రంగుకు వచ్చింది.

"ముహూర్తం కాకముందే పంపుతవా ఏంది అవ్వా?" అన్నాడు మొగులయ్య నవ్వుతూ.

"దుకాణం దాకనేరా. ఇయ్యాల దుకాణం దాక. పెండ్లైనంక నాగర్‌కర్నూల్ దాక." ముద్దల డబ్బాను ట్రాలీలో పెట్టి, యమున చెయ్యి పట్టి శ్రీనాథ్ చెయ్యి పక్కన పిడి మీద పెట్టింది. "బండి సంగతి పరేషాన్ కాకుండ్రి. వచ్చే బేస్తారం నుంచి సేటు పంపుతడు, తిప్పి పంపేది నేను చూస్కుంట."

ఇద్దరూ ట్రాలీ తోసుకుంటూ సందులోకి నడిచారు. కాలం కాని కాలంలో సన్నని జల్లు మొదలైంది. ఎవరూ తొందరపడలేదు. మలుపు దాకా పోయాక వెనకనుంచి జమ్ములమ్మ గొంతు వినిపించింది.

"ముచ్చట్లల్ల పడి యాడనో ఇడిచిపెట్టేరు. వరుసల పెట్టుండ్రి."